పై వీధి మోటారు

"కొన్ని దేశాలు గొప్పవి ఎలా అయ్యాయి? కొన్ని బీదవిగా ఎందుకు మిగిలాయి?" అని సోషల్ సార్ అడగ్గానే చెయ్యెత్తాను. క్లాస్ లీడర్‌ని కదా, నాకు తెలియనిదేముంటుంది!

"గొప్ప దేశాల వాళ్లు కష్టపడతారు సార్. మిగతావాళ్లు బద్ధకస్తులు. మన నత్తలాగా!"

క్లాసంతా గొల్లుమంది. నత్త అంటే కింది వీధి అమ్మాయి. రోజూ లేటుగా వస్తుందని ఆ పేరు పెట్టింది నేనే. అది తల దించుకుంది.

"బాగా ఆలోచించి రేపు చెప్పు," అన్నారు సార్ నాతో. తర్వాత దాని వైపు తిరిగి, "ఇంకొక్కసారి లేటయితే స్కాలర్‌షిప్ పరీక్షకి నీ పేరు పంపను," అన్నారు. ఆ పరీక్ష పాసయితేనే దానికి పై చదువు. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా నవ్వాను.

మర్నాడు పొద్దున మా వీధి కొట్టు తెరవలేదు. పాల ప్యాకెట్ కోసం కింది వీధికి దిగాను. కుళాయి దగ్గర బిందెల బారు. అందరికంటే ముందు నత్త, చేతిలో పుస్తకం. కుళాయి ధార దారంలా ఉంది.

"ఎప్పుడొచ్చావే?"

"నాలుగింటికి. ఇది రెండో బిందె."

చూస్తుండగానే ఆ ధార కూడా ఆగిపోయింది. వెనకున్న ముసలమ్మ అందుకుంది. "పై వీధి వాళ్లు మోటార్లు వేశారు! వాళ్ల ట్యాంకులు పొర్లితే గానీ మన గొంతు తడవదు. వాళ్ల దుంప తెగ!"

పై వీధి అంటే మాదే. పాలూ లేవు, గీలూ లేవు, ఇంటికి ఒకటే పరుగు. మా ట్యాంకు పొర్లి గోడ మీద నుంచి కారుతోంది. నాన్న కారు కడుగుతున్నాడు. గబగబా మోటారు ఆపేశాను.

"ఎవరే ఆపమంది?"

"కింద వాళ్లకి నీళ్లు రావట్లేదు నాన్నా!"

"మనం ఆపితే పక్కింటాయన లాగుతాడు. పిచ్చిమొహమా, వెయ్యి!"

నేను వెయ్యలేదు. పక్కింటి మోటారు మాత్రం గుర్రుమంటూనే ఉంది. నాన్న చెప్పింది నిజమేనని తెలిసి ఏడుపొచ్చింది.

స్కూల్లో నత్త పావుగంట లేటుగా వచ్చింది, తడిసిన యూనిఫాంతో. సార్ పరీక్ష లిస్టు తీశారు. నేను లేచి నిలబడ్డాను.

"సార్, నిన్న నేను చెప్పింది తప్పు. బద్ధకం కాదు. పైనున్నవాళ్లు ముందే లాగేసుకుంటే, కిందివాళ్లు నాలుగింటికి లేచినా బిందె నిండదు. తను లేటయింది మా మోటారు వల్లే సార్."

సార్ లిస్టు మీంచి తల ఎత్తారు. "ఇప్పుడు సరిగ్గా చెప్పావు. దేశాల కథ కూడా చాలావరకు ఇంతే," అన్నారు. "కానీ రూలు రూలే."

దాని పేరు కొట్టేశారు.

సాయంత్రం బకెట్ నిండా నీళ్లు మోసుకుని వాళ్లింటికి వెళ్లాను. అది నన్ను గుమ్మంలోనే ఆపేసింది.

"మా నీళ్లే తెచ్చి మాకు దానం చేస్తున్నావా? తీసుకుపో!"

బకెట్ ఎత్తుకుని వెనక్కి వచ్చేశాను.

మర్నాడు ఐదింటికే లేచాను. నాన్నతో పోట్లాడి మా మోటారు వెయ్యనివ్వలేదు. తర్వాత వెళ్లి పక్కింటి బెల్ కొట్టాను.

"అంకుల్, మీ మోటారు ఆపండి. కింద బిందెలు ఖాళీగా ఉన్నాయి."

"పోయి చదువుకోవే! బయల్దేరింది, పెద్ద దేశోద్ధారకురాలు!" అని మొహం మీదే తలుపేశారు.

సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి. మా వీధిలో ఇంకా పదకొండు ఇళ్లున్నాయి. కళ్లు తుడుచుకుని తర్వాతి ఇంటి బెల్ కొట్టాను.