వన్ స్టార్ అమ్మాయి, ఫైవ్ స్టార్ అబ్బాయి

"కుండలో తల పెట్టి మాట్లాడుతున్నట్టుందండీ మీరిచ్చిన రిసీవర్!"

ఎలక్ట్రానిక్స్ షాపు కౌంటరు మీద అట్టపెట్టెను ధడాలున పెట్టింది ఆ అమ్మాయి. పక్క వరుసలో స్పీకర్ వైరు చూసుకుంటున్న అబ్బాయి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

కుండ! ఆ కుండ అతనికి బాగా తెలుసు.

ఆ హోమ్ థియేటర్ రిసీవర్ అమ్మే వెబ్‌సైట్‌లో, కొన్నవాళ్ళు అభిప్రాయాలు రాసే చోట, 'విసిగిపోయిన కూతురు' అనే పేరుతో ఎవరో ఒక్క స్టార్ ఇచ్చారు. "పాటలు గోల. ఫైటింగులు పిడుగులు. మాటలు మాత్రం కుండలో తల పెట్టి మాట్లాడినట్టు. చవగ్గా వస్తోందని కొనకండి" అని రాశారు. దాని కింద 'చెవులున్నవాడు' అనే పేరుతో జవాబిచ్చింది ఇతనే. "నేనూ అదే కొన్నాను, ఐదు స్టార్లిచ్చాను. ఈ ధరకి ఇంత మంచి సౌండు ఇంకెక్కడా రాదు. లోపం పెట్టెలో ఉండదు, పెట్టిన చోటులో ఉంటుంది."

"మీరు కంపెనీ మనిషా?" అని ఆమె.

"కాదు, లైబ్రేరియన్ని" అని ఇతను.

"అయితే 'ష్' అనండి, మీకు అదే అలవాటు" అని ఆమె.

ఆ జవాబు గుర్తొచ్చినప్పుడల్లా పుస్తకాల బీరువాల మధ్య ఒక్కడే నవ్వుకునేవాడు. రోజంతా నిశ్శబ్దాన్ని కాపలా కాసేవాడికి ఇంటికెళ్ళి పాటలు వినడమే పెద్ద సరదా. ఆ సరదాని కుండతో పోల్చిన మనిషి ఇప్పుడు ఎదురుగా ఉంటే ఎలా ఊరుకుంటాడు?

"ఏమనుకోకండి... విసిగిపోయిన కూతురు మీరేనా?"

ఆమె గిరుక్కున తిరిగింది. ఒక్క క్షణం అయోమయంగా చూసి, "ఓహో! ఆ చెవులు మీవేనా?" అంటూ నిజంగానే అతని చెవుల వైపు చూసింది. ఆమె చూస్తున్నకొద్దీ అవి ఎర్రబడ్డాయి.

"మధ్య స్పీకర్ ఎక్కడ పెట్టారండీ? సినిమాలో మాటలన్నీ దాంట్లోంచే వస్తాయి."

"టీవీ కింద అరలో. అద్దం తలుపు వెనకాల."

"తలుపు వేసే ఉంటుందా?"

"తీసి ఉంటే దుమ్ము పడదూ?"

"నోటికి గుడ్డ కట్టేసి మాట్లాడమంటే ఎవరైనా ఎలా మాట్లాడతారండీ?"

"నేను రోజూ అలాగే మాట్లాడతాను. పళ్ళ డాక్టర్ని. నా పేషెంట్లకి చక్కగా అర్థమవుతుంది."

"వాళ్ళు నోరు తెరుచుకుని ఉంటారు కదా. అర్థం కాలేదని చెప్పే వీలు లేదు పాపం."

షాపాయన పక్కకి తిరిగి నవ్వుకున్నాడు. ఆమె కళ్ళు పెద్దవి చేసింది గానీ, పెదవుల చివర్న ఏదో కదిలింది. అతను అది చూశాడు. చూడనట్టు వైరు చుట్ట వైపు తల తిప్పుకున్నాడు.

"వెనక్కివ్వడానికి ఇంకా గడువుందమ్మా" అన్నాడు షాపాయన. "ఈయన్నే వచ్చి ఓసారి సర్దమనండి. అప్పటికీ నచ్చకపోతే పట్టుకొచ్చెయ్యండి, మాట్లాడకుండా తీసుకుంటాను."

ఆమె అతని వైపు తిరిగింది. "ఆదివారం పొద్దున రండి. మా నాన్నకి ఒక్క డైలాగు సరిగ్గా వినిపిస్తే చాలు. ఆయన సినిమా చూస్తూ నవ్వి ఎన్నాళ్ళయిందో."

చివరి మాట దగ్గర ఆమె గొంతు తగ్గింది. అతనికి ఇక వాదించాలనిపించలేదు.

*

ఆమె తండ్రి సన్నగా, నిటారుగా, ఆదివారం కూడా ఇస్త్రీ చొక్కాలో ఉన్నారు. సర్వీసంతా కోర్టులో స్టెనోగా పనిచేసి రిటైరయ్యారు. భార్య పోయాక ఇంట్లో తోచక, సాయంత్రాలు టైప్ ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకి షార్ట్‌హ్యాండ్ నేర్పుతున్నారు.

"లాయర్లిద్దరూ ఒకేసారి అరుచుకున్నా ఒక్క మాట వదిలేవాణ్ణి కాదు" అన్నారు గర్వంగా. "జడ్జిగారు దగ్గితే అదీ పడిపోయేది కాగితం మీద."

అతను అద్దం తలుపు తీశాడు. స్పీకరుకి అడ్డంగా ఉన్న పూలకుండీని జరిపాడు. స్పీకరును పైకి తీసి టీవీ ముందు పెట్టి, సోఫా వైపు కాస్త తలెత్తి చూసేలా కింద అట్టముక్క దోపాడు. రిసీవర్‌లో మాటల సౌండు పెంచి, ఆమెకి తెలిసిన సినిమానే పెట్టమన్నాడు.

తెర మీద హీరోయిన్ హీరోతో గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతోంది. ప్రతి అక్షరం గదిలో గంట కొట్టినట్టు వినిపించింది.

"అయ్యో, ఈవిడ తిడుతోందా!" అంది డాక్టరమ్మ నోరు తెరిచి. "ఇన్నాళ్ళూ ప్రేమిస్తోందనుకున్నాను!"

అతను పగలబడి నవ్వాడు. ఆమె కూడా నవ్వేసి, ఉత్సాహంగా తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, ఎలా ఉంది?"

"ఏముంది, అదే గొణుగుడు" అన్నారాయన చిరాగ్గా.

ఆమె మొహం చిన్నబోయింది. "కాఫీ తెస్తాను" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అతను సోఫా వెనక్కి వెళ్ళి కింద పడున్న వైరు చుట్టడం మొదలుపెట్టాడు. "సార్, కాళ్ళు కొంచెం పైకి పెట్టుకుంటారా?" పెద్దాయన కదల్లేదు. "సార్?" అని మళ్ళీ అడిగాడు. ఊహూఁ. అంతలో వెనక అరలో ఉన్న ఆయన సెల్‌ఫోన్ మోగింది. మోగి మోగి ఆగిపోయింది. ఆయన తల అటు తిరగలేదు.

అతను మెల్లగా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. పెద్దాయన అతని మొహం చూశారు. అతని చూపు ఎటు వెళ్ళిందో చూశారు.

"మోగిందా?"

"మోగింది సార్."

ఆయన వంటింటి వైపు ఒకసారి చూసి ముందుకి వంగారు. "అమ్మాయికి చెప్పకు బాబూ. తెలిస్తే హడావుడి చేసి నా క్లాసు మాన్పించేస్తుంది. ఆ క్లాసే లేకపోతే సాయంత్రం ఎలా గడుస్తుందో నాకు తెలీదు. చెప్పనని మాటివ్వు."

అతను కాదనలేకపోయాడు. తలూపాడు.

కాఫీతో వచ్చిన ఆమె ఆశగా అడిగింది. "ఇంకేమైనా మార్చి చూద్దామా?"

"వద్దండీ" అన్నాడతను నేల చూపులు చూస్తూ. "మీరన్నదే రైటు. బాక్సే బాలేదు. వెనక్కిచ్చెయ్యండి."

"అదేంటి? ఇప్పుడేగా నాకు అన్నీ వినిపించాయి!"

"అంటే... పైపైన బానే ఉంది. లోతు లేదు."

ఆమె కప్పు బల్ల మీద పెట్టింది. "ఐదు స్టార్లిచ్చి, నాతో అంత పోట్లాడి, ఇంటికొచ్చాక నేను కాఫీ ఇచ్చేసరికి మాట మార్చేశారా? నన్ను మంచి చేసుకుందామనా?"

"అది కాదండీ..."

"క్లినిక్‌లో రోజంతా నాకు తలూపేవాళ్ళే. ఎదురు చెప్పే మనిషి ఒక్కరు దొరికారనుకున్నాను. ఏం బాగుందో, ఏం బాలేదో మీకే తెలీనప్పుడు అన్ని స్టార్లు ఎందుకిచ్చారు?"

అతను చెప్పులేసుకున్నాడు. కాఫీ ఎవరూ తాగలేదు.

*

తర్వాత వారమంతా అతనికి ఇంట్లో పాట పెట్టబుద్ధి కాలేదు. వెబ్‌సైట్ తెరిచి 'చెవులున్నవాడు' అన్న పేరు చూసుకుంటే తనకే సిగ్గేసింది. రిసీవర్ గురించి ఆమె కొత్తగా ఏమీ రాయలేదు. కనీసం తిట్టినా బాగుండుననిపించింది.

క్లాసు లేని రోజు, వాన ముసురుపట్టిన ఒక సాయంత్రం, కూతురితో చెప్పి పెద్దాయన అతని లైబ్రరీకి వచ్చారు.

"ఏమయ్యా, మళ్ళీ రాలేదు మా ఇంటికి?" అన్నారు. తన గొంతు ఎంత పెద్దగా ఉందో ఆయనకి తెలియడం లేదు. చదువుకుంటున్నవాళ్ళందరూ తలలెత్తారు.

"మెల్లగా సార్" అన్నాడతను.

"ఏమిటీ?"

"బయటికెళ్దాం రండి!"

మూల కూర్చున్నాయన "ష్!" అన్నాడు. ఉద్యోగంలో చేరాక లైబ్రేరియన్‌కి ఆ మాట పడటం అదే మొదటిసారి.

బయట మెట్ల మీద నిలబడ్డారు. పైన రేకుల మీద వాన హోరున కురుస్తోంది.

"మీరే చెప్పెయ్యండి సార్!"

"ఏమిటీ?"

"మీ అమ్మాయికి! చెవుల సంగతి!"

"క్లాసు పోతుంది బాబూ."

"క్లాసులో పిల్లలు చదివి వినిపించేది మీకు వినిపిస్తోందా?"

పెద్దాయన వాన వైపు చూశారు. "లేదు. వాళ్ళ పెదాలు ఆగగానే 'గుడ్' అంటున్నాను. నిన్న గుడ్ అంటే క్లాసంతా నవ్వింది. ఎందుకు నవ్వారో నాకు తెలీదు."

అతని మనసు చివుక్కుమంది. ఆయన చెవి దగ్గరికి వంగాడు. "మిషను పెట్టుకుంటే వినిపిస్తుంది సార్! కళ్ళజోడు పెట్టుకోలేదా?"

"కళ్ళజోడు పెట్టుకుంటే చదువుకున్నవాడంటారు. చెవికి మిషను పెట్టుకుంటే ముసలాడంటారు." ఆయన అతన్ని పరీక్షగా చూశారు. "అయినా నీకెందుకయ్యా ఇంత పట్టుదల?"

"మీ అమ్మాయికి అబద్ధం చెప్పి ఉండలేకపోతున్నానండీ."

"ఎందుకని?"

"ఇష్టం కాబట్టి" అని గొణిగాడు.

"కష్టమా? ఎవరికి కష్టం?"

"కష్టం కాదు సార్, ఇష్టం!"

"వినిపించట్లేదయ్యా!"

అతను గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "ఇష్టం! మీ అమ్మాయంటే నాకు ఇష్టం!"

ఎదుటి బస్‌స్టాప్‌లో తలదాచుకున్న నలుగురూ ఇటు తిరిగారు. మెట్ల కింద, ఒక గొడుగు వేసుకుని ఇంకో గొడుగు చేత్తో పట్టుకుని, తండ్రి తడిసిపోతారని వచ్చిన డాక్టరమ్మ నిలబడి ఉంది.

అతను గబుక్కున ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మా నాన్న మీద ఎందుకలా అరుస్తున్..." ఆమె మాట సగంలోనే ఆపేసింది. అతని మొహం చూసింది. తండ్రి వీపు చూసింది. రెండు మెట్లెక్కి ఆయన వెనక నిలబడి, మామూలు గొంతుతో పిలిచింది.

"నాన్నా."

ఆయన వానని చూస్తూనే ఉన్నారు.

"నాన్నా... నేను."

ఆమె గొడుగులు రెండూ మెట్ల మీద పడేసింది. ముందుకొచ్చి తండ్రి రెండు చేతులూ పట్టుకుంది. ఆయన ఉలిక్కిపడి, కూతురి కళ్ళు చూసి అంతా గ్రహించేశారు.

"రోజూ వందమంది నోళ్ళు చూస్తాను" అంది ఆమె ఏడుస్తూ. "మా నాన్న చెవుల సంగతి తెలుసుకోలేక డబ్బాని తిట్టాను. ఎందుకు చెప్పలేదు నాన్నా?"

పెదాలు చదువుకుంటూ ఆయన చిన్నపిల్లాడిలా అన్నారు. "క్లాసు మాన్పించేస్తావని."

"మాన్పించను. రేపే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దాం. అట్నుంచటే నేనే క్లాసు దగ్గర దింపుతాను. సరేనా?"

ఆయన తలూపారు. కూతురు మళ్ళీ తీసి పట్టిన గొడుగు కిందకి చేరారు. ఆమె రెండో గొడుగు లైబ్రేరియన్ చేతిలో పెట్టింది.

"నేను..." అన్నాడతను.

"మీరు నోరెత్తకండి. వీధంతా విన్నాక ఇంకా చెప్పడానికేముంది?" అని కళ్ళు తుడుచుకుంది. కోపమో నవ్వో తెలియని మొహంతో తండ్రిని నడిపించుకుంటూ వెళ్ళిపోయింది. గొడుగు చేతిలో ఉన్న సంగతి మరిచిపోయి అతను తడుస్తూ చూస్తుండిపోయాడు.

*

మిషన్లు పెట్టుకున్న మొదటి రోజు పెద్దాయనకి ఇల్లంతా గోలగోలగా ఉంది. ఫ్యాను ఇంత చప్పుడు చేస్తుందా, నా చెప్పులు ఇలా టపటపమంటాయా అని అందరినీ అడిగారు. క్లాసులో పిల్లలకి మాత్రం గట్టి చిక్కొచ్చి పడింది. కావాలని తప్పుగా చదివి నవ్విన వాళ్ళని ఒక్కొక్కరినీ నిలబెట్టి మళ్ళీ చదివించారు. "మా సారు మారిపోయారు" అని పిల్లలు గొణుక్కుంటే, "అదీ వినిపించింది" అన్నారట.

ఆ సంగతి ఫోన్ చేసి చెప్పింది డాక్టరమ్మే. చెప్పి, "ఆదివారం మధ్యాహ్నం నాన్న సినిమా చూస్తారట. మీరూ ఉంటే బాగుంటుందన్నారు" అంది.

"నాన్నగారొక్కరే అన్నారా?"

"పోనీ, రాకండి."

ఆదివారం మధ్యాహ్నం కాకముందే వెళ్ళాడు. పెద్దాయన అతనికి ఎదురొచ్చి భుజం తట్టి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. రిసీవర్ వెనక్కి వెళ్ళలేదు, స్పీకరు కూడా అతను పెట్టిన చోటే ఉంది. తెర మీద కామెడీ సీను వచ్చేసరికి ఆయన ముందు చిన్నగా, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. సినిమా మర్చిపోయి ఆ నవ్వునే చూస్తున్న కూతురు చప్పున లేచి బాల్కనీలోకి వెళ్ళింది. కాస్త ఆగి అతనూ వెళ్ళాడు.

"ఆ రోజు మీరు బాక్సు బాలేదన్నది, నాన్నకి మాటిచ్చినందుకేగా?" అందామె రెయిలింగు పట్టుకుని.

"అవును."

"నన్ను తిట్టనిచ్చారు గానీ, ఆయన సంగతి మాత్రం బయటపెట్టలేదు. మాట నిలబెట్టుకోవడానికి మాట మార్చిన మనిషిని మిమ్మల్నే చూశాను."

"తప్పు చేశానా?"

"చేశారు. కానీ నేనైనా అదే చేసేదాన్నేమో." ఆమె అతని వైపు తిరిగింది. "మీరేమో ఊరంతా వినేలా చెప్పారు. నాకంత గొంతు లేదు. నేను మీ ఒక్కరికే చెప్తాను."

మునివేళ్ళ మీద లేచి, అతని చెవి దగ్గర ఏదో చెప్పింది. నాలుగే మాటలు. ఆ చెవి అంచు దాకా ఎర్రబడిపోయింది.

"అమ్మాయ్!" లోపల్నుంచి పెద్దాయన గొంతు వినిపించింది. "నాకూ వినిపించింది. మంచి మాట చెప్పావు, నాకు సంతోషంగా ఉంది. అబ్బాయి ఏమన్నాడో మాత్రం వినిపించలేదు!"

"అతను ఇంకా ఏమీ అన్లేదు నాన్నా! నోరు తెరిచి నిలబడ్డాడు, పేషెంటులాగా!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. లోపల సినిమా ఆగింది. రిమోట్ చేతిలో పట్టుకుని, పెద్దాయన కళ్ళు మూసుకుని ఆ నవ్వు వింటున్నారు.