నాలుగడుగుల గీత

ఆ ఆదివారం పొద్దున ప్రవళిక పళ్లు కూడా తోముకోకుండా తలుపు వెనక గోడకు వీపు ఆనించి నిలబడింది. గోడ మీద జిరాఫీ బొమ్మ ఉన్న కొలత కాగితం ఉంది. మడమలు గోడకు తగిలాయో లేదో ఒకసారి వంగి చూసుకుని, గడ్డం పైకెత్తి, ఊపిరి బిగబట్టి కేక పెట్టింది.

"బాపమ్మా, చూడు! జల్ది చూడు, ఊపిరి ఆగుత లేదు!"

మరుగుతున్న చాయ కింద మంట తగ్గించి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది రాజక్క. మనవరాలి నెత్తి మీద అరచేయి అడ్డంగా పెట్టి, కండ్లు చిన్నవి చేసి గీతల వంక చూసింది.

"నాలుగడుగులు. నాలుగు మీద ఒక నూలుపోగంత ఎక్కువనే ఉన్నవ్ బిడ్డా."

"నిజంగ?"

"నిజంగనే. నీ తోడు."

పిల్ల ఎగురుకుంటూ పోయింది. రాజక్క అక్కడే నిలబడిపోయింది. ఆ కాగితం అబద్ధం చెబుతోందని ఆ ఇంట్లో తెలిసింది ఆమె ఒక్కతికే. పోయినేడు తాముండే శ్రీరాంపూర్ క్వార్టరుకు సున్నాలు వేయించినప్పుడు కాగితం ఊడదీశారు. మళ్లీ అంటించింది రాజక్కే. పాత చోటు ఎక్కడో ఆమెకు బాగా తెలుసు. తెలిసీ, మైదా ఉడకబెట్టి, దొంగతనం చేస్తున్నదానిలా వాకిలి వైపు చూసుకుంటూ రెండంగుళాలు కిందికి దించి అంటించింది. కాగితం నేల దాకా ఉండదు, మోకాళ్ల పైన ఎక్కడో మొదలవుతుంది. కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

అంతకు వారం ముందే మంచిర్యాలలో ఎగ్జిబిషన్ పెట్టారు. జెయింట్ వీల్ కాడ ఒకతను కర్ర పట్టుకుని పిల్లల ఎత్తు కొలుస్తున్నాడు. తోటి పిల్లలందరినీ ఎక్కించి, తొమ్మిదేళ్ల ప్రవళికను పక్కకు జరిపి, "చిన్నపిల్లలకు అటు పక్క గుర్రాలున్నయ్ పో" అన్నాడు. పిల్ల ఏడవలేదు. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ రెండు రోజులూ దాని ముఖం చూసి చూసి రాజక్క ఆ పని చేసింది.

ప్రవళికది తలసేమియా. ఒంట్లో రక్తం సరిగ్గా తయారు కాదు. ఇరవై ఒక్క రోజులకోసారి మంచిర్యాల తీసుకుపోయి రక్తం ఎక్కించాలి. ఎముకల్లోని మూలుగ మార్చే ఆపరేషన్ కోసం ఇంటిల్లిపాదినీ పరీక్ష చేశారు గాని ఎవరిదీ కలవలేదు. మందులకో, ఆ జబ్బుకో, పిల్ల ఎదుగుదల కూడా నిదానమే. ఆ ఇంట్లో పండుగైనా, పెండ్లైనా, ప్రయాణమైనా రక్తం రోజు చూసే పెట్టుకుంటారు.

ఇప్పుడు పెట్టుకున్న ప్రయాణం హైదరాబాద్ అవతల కొత్తగా కట్టిన పెద్ద రిసార్టుకు. నీళ్ల ఆటలు, రైళ్లు, ఉయ్యాలలు, ఉండడానికి గదులు, అంతా ఒకటే గేటు లోపల. నాలుగడుగులు దాటితేనే పోదామని షరతు పెట్టింది ప్రవళికే. దాటింది కాబట్టి తండ్రి వెంటనే ఫోన్లో టికెట్లు తీశాడు.

చాయ తాగుతూ అందరూ చాప మీద కూర్చున్నారు. కోడలు మహేశ్వరి ఫోన్ చూసి చదువుతోంది. బొగ్గుబాయిలో పనిచేసే కొడుకు కరుణాకర్‌కు ఆ రోజు సెలవు.

"శనివారం పొద్దుగాల రైలెక్కితే మద్యాన్నం వరకు సికింద్రాబాద్ల ఉంటం," అన్నాడు. "ఆడికెళ్లి వాళ్ల బస్సే తీస్కపోతదట."

"గురువారం రక్తం, శుక్రవారం పండుకుంటది, శనివారానికి బుగ్గలు ఎర్రగైతయ్," అంది మహేశ్వరి. "అత్తా, బయటి తిండి లోపటికి రానియ్యరట."

"రానియ్యకపోవుడేంది? మురుకులేమన్న బాంబులా? కొంగుల కట్టుకుని పోత. ఆడమనిషి కొంగు ఇప్పి చూసెటోడు ఎవడో నేను గూడ చూస్త."

"నీళ్లల్లకు దిగాలంటే నైలాన్ బట్టలే ఏసుకోవాలట. చీరె నడవదు."

"గట్లయితే నేను ఒడ్డు మీద కూసోని మీ చెప్పులకు కావలుంట. ఈ వయసుల గా లాగులు తొడిగి మీ మామ ఫోటో ముంగట ఎట్ల నిలవడుదు?"

కరుణాకర్ పొలమారేటట్టు నవ్వాడు. ప్రవళిక మాత్రం నవ్వలేదు. నోటుబుక్కులో ఏది ముందు ఎక్కాలో ఏది తర్వాత ఎక్కాలో వరుస రాసుకుంటోంది. అన్నిటికంటే పైన పెద్ద రైలు. ఎత్తు మీదికి పోయి, బోర్లపడి, మళ్లీ లేచే రైలు.

"అమ్మా, పెద్ద రైలుది ఇంకోసారి చదువు."

"ఎన్నిసార్లే! నాలుగడుగులు, ఆపైన ఉన్నోళ్లకే."

"నేనున్న," అంది పిల్ల, తనలో తాను అనుకున్నట్టుగా.

రాజక్క చాయ గ్లాసు కింద పెట్టింది. "మహేశా, జర ఎత్తు బూట్లు కొందమా దీనికి?"

"ఎందుకత్తా? బూట్లు ఇడిపిచ్చి కొలుస్తరట. అయినా దాటింది గదా, ఫికర్ ఏంది?"

చెప్పేద్దామని నోరు తెరిచింది రాజక్క. కోడలి ముఖం చూసింది. ఆ ముఖంలో అంత వెలుగు చూసి ఎన్నేళ్లయిందో లెక్క దొరకలేదు. నోరు మూసుకుంది.

మహేశ్వరి ఆమెకు కోడలయ్యే కంటే ముందు అన్న బిడ్డ. మెట్‌పల్లిలో ఉండే అన్న హనుమండ్లు కూతురు. పుట్టిన పదకొండో రోజు ఒళ్లో పెట్టుకుని, "ఇది నా ఇంటికే వస్తది, ఇంకెవ్వలకూ ఇయ్యను" అని అందరి ముందూ అన్నది రాజక్కే. ఇంటరయ్యాక ఆ పిల్ల నర్సు చదువుకు పోతానంటే, మేనత్త కండ్ల ముందు ఉంటే అదే పెద్ద చదువని అన్నను ఒప్పించింది కూడా రాజక్కే. ఆ తర్వాత ప్రవళిక పుట్టింది. ఆరునెలల పిల్ల పాలిపోతే పరీక్షలు చేసి డాక్టరు తల ఎత్తకుండా ఒకటే మాట అడిగాడు. "మేనరికమా?"

అవునని చెప్పింది రాజక్క. ఆనాటి నుంచి మహేశ్వరి ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేదని చాలాసార్లు అనిపించింది ఆమెకు.

గురువారం తల్లీబిడ్డలు మంచిర్యాల పోయారు. రాజక్క ఇంట్లో మురుకులు కాలుస్తోంది. నాలుగు దాటాక, డ్యూటీ నుంచి వచ్చి కరుణాకర్ అన్నం తింటుండగా ఆటో ఆగిన చప్పుడైంది. మహేశ్వరి చెప్పులు కూడా విడవకుండా లోపలికి వచ్చింది. సంచి మంచం మీద పడేసి, భర్త పనిముట్ల పెట్టెలోంచి ఇనుప టేపు తీసి, నేల నుంచి జిరాఫీ కాగితం మీది నాలుగడుగుల గీత దాకా సాగదీసింది. వేలు పెట్టి చూసింది. మళ్లీ కొలిచింది.

"ఏమైందే?" అన్నాడు కరుణాకర్ ముద్ద చేతిలోనే పట్టుకుని.

"మందు మోతాదు మార్చాలని నర్సు దీన్ని కొలిచింది. మూడడుగుల పదంగుళాలు అన్నది. నేను నవ్విన. మీ కొలత తప్పు సిస్టర్, మా బిడ్డ నాలుగు దాటింది అని పదిమంది ముంగట కొట్లాడిన. పాపం ఆమె మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ నేను దీని మొఖం చూసిన." టేపు చప్పున ముడుచుకుంది. "ఎవలు దించిండ్రు గీ కాగితాన్ని?"

"సున్నాలు ఏసినప్పుడు జరిగిందేమో..."

"జరగలే కొడుకా," అంది రాజక్క వంటింటి గడపలో నిలబడి. "నేనే దించిన."

వెనక బాణలిలో నూనె చిటపటలాడుతోంది.

"ఎందుకత్తా?"

"దాని మొఖం చూడలేక బిడ్డా. ఎగ్జిబిషన్ల వాడు పక్కకు నూకినప్పటి సంది..."

"దాని మొఖం చూడలేకనా? నా మొఖం చూసినవా ఎన్నడన్న?" మహేశ్వరి ఒక అడుగు ముందుకు వేసింది. "నర్సు చదువుకు పోత అన్న. మీ అన్న కాళ్లు పట్టుకుని తెచ్చుకున్నవ్. వచ్చిన. మూడు వారాలకోసారి నా బిడ్డ చెయ్యి సూదికి పట్టియ్యవడితిని. ఒక్కనాడు నిన్ను అన్ననా? ఎదగని బిడ్డను నా ఒళ్లె పెట్టి, ఎదిగిందని అబద్ధం గూడ నువ్వే చెప్పవడితివి."

"మహేశా, చాలు," అన్నాడు కరుణాకర్.

"ఏం చాలు? పదేండ్లు నోరు కట్టుకున్న!"

రాజక్క గోడకు జారగిలబడి కిందికి కూర్చుంది. పదేళ్లుగా ఎదురుచూసిన మాట అది. విన్నాక మనసు తేలికపడుతుందనుకుంది. పడలేదు.

అప్పుడు చూశారు ముగ్గురూ, గుమ్మంలో ప్రవళికను. ముంజేతి మీద దూది పట్టీ ఉంది. రక్తం ఎక్కి పెదవులకు రంగు వచ్చింది. మెల్లగా నడిచి వచ్చి నాయనమ్మ ముందు నిలబడింది.

"బాపమ్మా, పెద్దగైనంక రక్తం బంద్ అయితదన్నవ్ గదా. గది గూడ అబద్ధమేనా?"

నాలుగేళ్ల వయసులో సూది చూసి పిల్ల బిగుసుకుపోతే ఆ మాట మొదటిసారి చెప్పింది రాజక్క. తర్వాత మహేశ్వరి చెప్పింది. కరుణాకర్ చెప్పాడు. ఇంట్లో ముగ్గురూ ఆరేళ్లుగా ఆటోలో, ఆస్పత్రి మంచం పక్కన, అన్నం ముద్దలతో పాటు ఆ మాటే తినిపించారు. మహేశ్వరి చేతిలో టేపు అలాగే ఉండిపోయింది. కోపంతో నిలబడ్డ మనిషి కాస్తా దిక్కు తోచని దానిలా అత్త వైపు చూసింది.

ఇంకో అబద్ధం రాజక్క నాలుక చివరకు అప్పుడే వచ్చేసింది. ఎంత తేలికగా వచ్చిందో చూసి ఆమెకే భయమేసింది. అప్పుడు అర్థమైంది. కాగితం దించింది పిల్ల కోసం కాదు. తన నెత్తి మీది బరువు రెండంగుళాలు దించుకోవడానికి.

"అబద్ధమే బిడ్డా," అంది. "బంద్ కాదు. నువ్వు పెద్దగైనా, నాలెక్క ముసల్దానివైనా ఎక్కిచ్చుకుంటనే ఉండాలె."

"అమ్మకు ఎర్కనా?"

"ఎర్కే," అంది మహేశ్వరి.

"బాపుకు?"

కరుణాకర్ ముఖం తిప్పుకున్నాడు.

"అందరికీ ఎర్క. నాకొక్కదానికే ఎర్క లేదు." పిల్ల ముంజేతి మీది పట్టీని పట్టుకుంది. "అయితే నేను సచ్చిపోతనా?"

"లేదు బిడ్డా! మందులు తప్పకుంట ఏసుకుంటే, రక్తం తప్పకుంట ఎక్కిచ్చుకుంటే బతుకుతవ్. సదువుతవ్, కొలువు చేస్తవ్. దవాఖానల నీ పక్క మంచం మీద రక్తం ఎక్కిచ్చుకునే నవీనక్కకు ఇరవై ఆరేండ్లు. బట్టల షాపుల కొలువు చేస్తలేదా?"

"నవీనక్క గూడ పొట్టిదే."

"పొట్టిదే బిడ్డా."

"మరి నేను?"

"పెరుగుతవో లేదో నాకు తెల్వదు. డాక్టర్‌ను అడుగుదం. ఆయన ఏం చెప్తే గదే నీకు చెప్త."

ప్రవళిక అప్పుడు ఏడ్చింది. ఎగ్జిబిషన్ నాటి ఏడుపు కూడా కలిపి ఏడ్చింది. తల్లి చేయి చాపితే తోసేసి, వెనక వాకిట్లోకి పోయి నల్లా గద్దె మీద కూర్చుంది. కరుణాకర్ లేవబోతే మహేశ్వరి ఆపింది.

"ఏడవనీ. మన ముంగట ఏడిస్తే మనల్నే ఓదారుస్తది అది."

బాణలి కింద మంట ఆర్పి వచ్చి మహేశ్వరి అత్త పక్కనే నేల మీద కూర్చుంది.

"మంచి చేస్తున్న అనుకున్న బిడ్డా," అంది రాజక్క. "నా అన్న బిడ్డ పరాయింట్ల కష్టపడొద్దనుకున్న. కష్టాన్ని నేనే తెచ్చి నీ ఒళ్లె ఏసిన."

"నీకేం తెల్సు అత్తా. మా బాపుకు మాత్రం తెల్సా?" ముక్కు ఎగబీల్చింది మహేశ్వరి. "కాగితం నువ్వు దించినవ్. రక్తం బంద్ అయితదన్న మాట నీకంటె ఎక్కువసార్లు నేనే చెప్పిన. నేనెవ్వల మీద అరవాలె?"

అని, చిన్నప్పుడు మెట్‌పల్లిలో చేసినట్టే అత్త భుజం మీద తల వాల్చింది. రాజక్క ఆ తల మీద చేయి వేసింది. అక్కడక్కడ నెరిసిన వెంట్రుకలు వేళ్లకు తగిలాయి. తను ఎత్తుకుని పెంచిన పిల్లకు అప్పుడే నెరుపు వచ్చిందా అనుకుంది.

పొద్దు వాలేవేళకు ప్రవళిక ముఖం కడుక్కుని లోపలికి వచ్చింది.

"టికెట్లు రద్దు చేస్త బిడ్డా," అన్నాడు కరుణాకర్. "గా పెద్ద రైలు మనకొద్దు."

"రద్దెందుకు? పోదాం."

"పోయి?"

"నేను కింద నిలవడత. బాపమ్మ ఎక్కుతది."

"నేనా!" రాజక్క గుండె మీద చేయి వేసుకుంది. "నేను నిచ్చెనెక్కితేనే కండ్లు తిరుగుతయ్ తల్లీ."

"నువ్వు నాలుగడుగులకంటె ఎత్తున్నవ్ గదా. ఎక్కాలె. దిగినంక ఎట్లుందో నాకు చెప్పాలె. మంచిగుంటే మంచిగున్నదని, భయమైతే భయమైందని. ఒక్కటి గూడ దాయొద్దు."

మహేశ్వరి, కరుణాకర్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. పిల్ల వేసిన శిక్ష న్యాయమైనదేనని రాజక్కకు తెలుసు.

"ఎక్కుత బిడ్డా," అంది. "ఎక్కనిస్తే ఎక్కుత."

ప్రవళిక వచ్చి ఆమె ఒళ్లో కూర్చుంది. పదేళ్ల పిల్ల, ఒడి నిండా ఇమిడిపోయింది. పట్టీ ఉన్న చేతిని నాయనమ్మ చేతిలో పెట్టింది.

"ఇప్పుడే భయమైతుందా బాపమ్మా?"

లేదనడం అలవాటు రాజక్కకు. ఆ మాట మింగేసింది.

"ఐతుంది బిడ్డా. శాన భయమైతుంది."

పిల్ల కాసేపు ఆ ముడతల వేళ్లను ఒక్కొక్కటే విప్పి, మళ్లీ మూసింది. తర్వాత తల ఆమె గుండెకు ఆనించి, ఎవరికీ వినబడనంత మెల్లగా అంది.

"నాకు గూడ."