అల్ హిలాల్ విల్లాలో నీళ్ళ చప్పుడు

దోహాలో అల్ హిలాల్ అనే పేటలో ఓ వీధి చివరి విల్లాకి మంచి పేరు లేదు. పగలు చూస్తే ఏమీ ఉండదు. రంగు వెలిసిన గోడలు, గేటు పక్కన ఎండిపోయిన కాగితంపూల చెట్టు. రాత్రయితే మాత్రం... లోపల ఎవరో నీళ్ళు పడుతుంటారట. తెల్లారి చూస్తే ఇంట్లో గిన్నెలన్నీ నిండుగా, మేడ మీద ట్యాంకు ఖాళీగా ఉంటాయట.

నేను దయ్యాల్ని నమ్మే మనిషిని కాదు. ఇదంతా మా పిన్ని కూతురు స్వర్ణ చెప్పింది. చివరి ముక్క మాత్రం నా చెవులతో నేనే విన్నాను.

స్వర్ణ మొగుడు చైతన్య నీళ్ళ ఇంజినీరు. దోహాలో ఆఫీసున్న ఓ సహాయ సంస్థ తరఫున ఆఫ్రికాలో, చాద్ దేశపు సరిహద్దున, శరణార్థి శిబిరంలో పని. అక్కడికి పెళ్ళాం పిల్లల్ని రానివ్వరు. అప్పుడప్పుడూ మూడు వారాలు విశ్రాంతి ఇచ్చి తెచ్చి ఈ విల్లాలో దింపుతారు. హైదరాబాద్ నుంచి పెళ్ళామే వచ్చి చూసిపోవాలి. రెండుసార్లు ఈమె టికెట్ కొనుక్కున్నాక ఆయన రాలేనన్నాడు. ఒకసారి వాగు పొంగి రోడ్డు తెగిందట, ఇంకోసారి చిన్న విమానం ఎగరలేదట. మూడోసారికి వచ్చాడు మహానుభావుడు.

ఈసారి స్వర్ణ ఒకటే తేల్చుకోవడానికి వచ్చింది. ఆ ఉద్యోగానికి మళ్ళీ సంతకం పెడతాడా, ఇంటికొస్తాడా?

రోజూ అడిగింది. రోజూ "రేపు చెప్తాను" అన్నాడు. నేను దోహాకి గంట దూరంలో అల్ ఖోర్‌లో ఉంటాను కాబట్టి ఈ గోలంతా ఫోన్లో నాకే. పోనీ పక్కనైనా ఉన్నాడా అంటే అదీ లేదు. పరుపు మీద నిద్ర పట్టదని హాల్లో చాప వేసుకుని పడుకునేవాడు. ఆమె ఒక్కతే గదిలో తలుపు వేసుకునేది. విని విని నాకే ఒళ్ళు మండిపోయేది.

మొదటి రాత్రే చప్పుడు.

బకెట్ ఈడ్చినట్టు... తర్వాత కుళాయి ధార... ఆగి — మళ్ళీ.

పొద్దున చూస్తే కుక్కరు, టీ గ్లాసులు, దోసెల పిండి డబ్బా, అన్నిటి నిండా నీళ్ళే. వాచ్‌మన్ పోశన్న చేసిన పనేనని చైతన్య అతని మీద విరుచుకుపడ్డాడు. తను లోపలికే రాలేదని పోశన్న మొత్తుకున్నాడు. ఆఫీసువాళ్ళు ప్లంబర్ని పంపితే, అతను కుళాయిలన్నీ తిప్పి చూసి బాగానే ఉన్నాయని చెప్పి పోయాడు. ఎవరికి చెప్పుకున్నా ఇదే వరస.

స్వర్ణ ఒంటరిగా ఉన్నప్పుడు పోశన్న గొంతు తగ్గించి చెప్పాడు.

"మీకన్న ముంగట ఒక నర్సు దిగింది మేడమ్, ఆమెకన్న ముంగట డాక్టర్ సారు. అందరికి గిదే కత. నాకు గేటు కాడికి సప్పుడు ఇనొస్తది. మీరైతే తలుపు తియ్యకున్రి."

ఆమె తియ్యలేదు. రాత్రంతా దుప్పటి ముసుగేసుకుని వినడం, పొద్దున్నే గిన్నెలు వంచడం. రెండు వారాలు దాటినా అదే పని.

తెల్లారితే చైతన్య ఆఫీసులో సంతకం సంగతి తేల్చి చెప్పాలి. ఆ రాత్రి నా ఫోన్ మోగింది.

"అక్కా... మళ్ళీ మొదలైంది."

చైతన్యని లేపమన్నాను.

"లేపుదామనే హాల్లోకి వచ్చా... చాప మీద లేడు."

పోశన్నని పిలవమన్నాను. వినిపించుకోలేదు. ఇన్నాళ్ళ విసుగు ముందు భయం కూడా ఆగలేదనుకుంటా. గోడ పట్టుకుని నడుస్తూ, కనిపించిందల్లా గుసగుసగా చెబుతోంది. హాల్లో నేల మీద గిన్నెలున్నాయట... ఒకదాని వెనక ఒకటి... వరసగా... వంటింటి దాకా.

"ఎవరో ఉన్నారక్కా..."

తర్వాత ఫోన్లో నీళ్ళ చప్పుడొక్కటే.

"ఆయనే," అంది.

కళ్ళు తెరిచే ఉన్నాయట. పిలిస్తే పలకలేదట. నిద్రలోనే ఒక్కో గిన్నె జరిపి, నింపి, పక్కన పెడుతున్నాడు. బనీను తడిసి ఒంటికి అంటుకుపోయింది. రోజూ పొద్దున ఆ తడి బనీనే చూసి చెమట అనుకుంది పిచ్చిది.

అప్పుడు తట్టింది నాకు. ఆ నర్సూ, ఆ డాక్టరూ కూడా ఇలాంటి శిబిరాల నుంచి వచ్చినవాళ్ళే. ట్యాంకర్ మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియని చోట, వచ్చిన పూటే ఉన్నవన్నీ నింపుకోవాలి. రాత్రి నిద్రలో తాము నింపిన గిన్నెల్ని పొద్దున చూసి తామే హడలిపోయారు.

గట్టిగా లేపొద్దన్నాను. స్వర్ణ ఒక ఖాళీ గ్లాసు తీసుకుని వరస చివర నిలబడిందట.

"ఇక్కడుంటే నా దాకా వస్తాడు కదక్కా."

ఎదురుచూశాం. ఆమె అక్కడ, నేనిక్కడ... కుళాయి గరగరమని ఆగిపోయింది. ట్యాంకు అయిపోయినట్టుంది. తడి కాళ్ళ చప్పుడు ఫోన్ దగ్గరికి వచ్చింది. తర్వాత చైతన్య గొంతు. అంత మెత్తగా మాట్లాడగలడని నాకు అప్పటిదాకా తెలియదు.

"మాఫీ మోయా, యా ఉఖ్తీ... బుక్రా... బుక్రా."

"ఏమంటున్నాడక్కా?"

దానికి శిబిరంలో వాళ్ళు మాట్లాడే ఆ అరబ్బీ రాదు. నాకు వచ్చు. రాకపోతే ఎంత బాగుండేది! ఏదో ఒక అబద్ధం చెప్పాల్సింది, నోటికి రాలేదు.

"నీళ్ళు అయిపోయాయి చెల్లీ, రేపు రా... అంటున్నాడే."

ఖాళీ గ్లాసు ఇంకా ఆమె చేతిలోనే ఉందట.

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఆ గ్లాసు అక్కడ పడేసి గదిలోకి పో, పొద్దున్నే కారేసుకుని నేనొస్తాను, నాతో వచ్చెయ్యి అన్నాను.

"లేదక్కా," అంది నెమ్మదిగా. "రేపు రమ్మన్నాడు కదా."