ఎంత దూరం నుంచి?

ఆదివారం పొద్దున కాఫీ కలుపుతూ కలుపుతూ అమ్మ ఆ మాట అనేసింది. అనేసి, ఆ మాటతో తనకేమీ సంబంధం లేనట్టు సింకు వైపు తిరిగింది.

"కెమెరాకి ఒక జూమ్ లెన్స్ కొనుక్కుందామనుకుంటున్నా."

బల్ల దగ్గర కూర్చుని బూట్లకి కొత్త లేసులు ఎక్కిస్తున్న కూతురు తలెత్తి చూసింది. నాన్న పేపరు దించలేదు గానీ చదవడం మాత్రం ఆపేశాడు. చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకుని తిరిగే మనిషి లెన్స్ కొనుక్కుంటుందట! ఆ కెమెరా అయినా ఆవిడ కొన్నది కాదు. తమ్ముడు ఖరీదైనది కొనుక్కుని, కొత్తగా నేర్చుకునేవాళ్లు వాడే తన పాతది అక్క చేతిలో పెట్టి వెళ్లాడు.

"ఉన్న లెన్స్‌కి ఏమైంది?" అంది కూతురు.

"దాంట్లో దూరంగా ఉన్నవి కనపడవే. చీమల్లా ఉంటాయి."

"అంత దూరంలో ఉన్నవి ఏం తీస్తావమ్మా?"

అమ్మ గ్లాసులో చెంచా అవసరానికి మించి తిప్పింది. "పిట్టల్ని" అంది చివరికి.

కూతురికి నవ్వాగలేదు. "పిట్టలా! నువ్వొక్క కేక వేస్తే ఊళ్లో పిట్టలన్నీ లేచిపోతాయి కదమ్మా!"

ఆ నవ్వుకి తోడెవరూ రాలేదు. నాన్న పేపరు మడిచి బల్ల మీద పెట్టాడు. "తన జీతంతో కొనుక్కుంటానంటోంది. నువ్వు వెంట వెళ్లి సరైనది చూసి ఇప్పించు" అన్నాడు.

"మీరు వెళ్లొచ్చుగా నాన్నా? నాకు ప్రాక్టీసుంది."

"కాదు. నువ్వే వెళ్లాలి." నాన్న ఏ పనికీ అంత గట్టిగా చెప్పడు. అందుకే ఆమె గొణుక్కుంటూనైనా లేచింది.

అసలు అమ్మ గొంతు సంగతి చెప్పాలి. ఆవిడది ఆసుపత్రి లాండ్రీలో పని. గదినిండా యంత్రాల హోరు. పక్క మనిషికి వినపడాలన్నా గొంతు చించుకోవాల్సిందే. ఏళ్ల తరబడి అలా అరిచి అరిచి, ఇంట్లో తువ్వాలు అడిగినా పక్కింటివాళ్లు ఉలిక్కిపడేలా తయారైంది. ఆ గొంతు వేసుకునే కూతురి కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి వెళ్లేది. కూతురు గోల్‌కీపర్. బంతి ఇంకా గ్రౌండు మధ్యలో ఉండగానే ఆవిడ గోల్‌పోస్టు వెనక నిలబడి, "బంగారుకొండా! వదలకు! మీద పడిపో!" అని అందుకునేది. అవతలి జట్టు పిల్లలు కూడా పడీపడీ నవ్వేవాళ్లు. చివరికి సొంత జట్టే కూతురికి 'కొండ' అని పేరు పెట్టేసింది. "కొండ వస్తోంది, జరగండే!" అని ఒకటే ఏడిపించడం.

ఒకసారి మ్యాచ్ ఓడిపోయారు. కుళాయి దగ్గర అందరూ ముఖాలు కడుక్కుంటుంటే అమ్మ నీళ్ల సీసా పట్టుకుని వచ్చింది. "ఇంకెప్పుడూ ఇక్కడికి రాకు" అంది కూతురు, అందరి ముందూ. "నీవల్ల నాకు తల కొట్టేసినట్టుంటోంది. నువ్వొస్తే నేనాడను, అంతే."

అమ్మ తీసిన మూత మళ్లీ బిగించి, సీసా సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత శనివారాలు తనకి డ్యూటీ పడుతోందని ఇంట్లో చెప్పింది. కూతురు హమ్మయ్య అనుకుంది. కాస్త కూడా నొచ్చుకోలేదు, అదీ సంగతి.

కెమెరాల కొట్టు ఇరుకుగా ఉంది. కొట్టతను కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తుకుని, అమ్మ సంచిలోంచి తీసిన కెమెరాని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికి పట్టేవి రెండున్నాయమ్మా, మీరు చెప్పిన ధరలో. ముందు చెప్పండి, ఏం తీస్తారు?"

"పిట్టలండీ" అంది అమ్మ. పాపం, తగ్గించే మాట్లాడింది. అయినా వెనకున్న కుర్చీలోని ముసలాయన తిరిగి చూశాడు. కూతురు చటుక్కున ఫోను తీసి అందులో తలదూర్చింది.

"ఎంత దూరం నుంచి?"

"మూడో అంతస్తు డాబా మీంచి. రోడ్డు దాటి, గోడ దాటి, ఇంకా అవతలికి."

"అబ్బో! కూర్చునే పిట్టలా, ఎగిరేవా?"

అమ్మ ఆలోచించింది. ఆవిడకి అబద్ధాలు చేతకావు. "చాలాసేపు ఊరికే నిలబడి ఉంటుందండీ. ఉన్నట్టుండి పక్కకి దూకుతుంది."

"కొంగ అయ్యుంటుంది. అక్కడ నీళ్లున్నాయా?"

"లేవు. గడ్డి."

ఫోను మీద కదులుతున్న కూతురి వేలు ఆగింది.

కొట్టతను రెండు లెన్స్‌లూ గుడ్డ మీద పెట్టాడు. "ఇది కొత్తది, ఎక్కువ దూరాన్ని దగ్గరికి లాగుతుంది. కానీ చెయ్యి ఏమాత్రం కదిలినా బొమ్మంతా అలుక్కుపోతుంది. ఇది ఒకరు వాడి ఇచ్చింది. లాగడం ఒక పిసరు తక్కువే గానీ, చేతి వణుకుని లోపల్లోపలే సర్దేసుకుంటుంది. స్టాండు లేకుండా తీసేవాళ్లకి ఇదే మేలు."

"వణుకంటే నాకు మామూలుగా ఉండదండీ" అంది అమ్మ. "ఆ దూకేటప్పుడు మాత్రం చేతులు ఆగవు."

వాడిన లెన్స్‌ని ఆవిడ కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని చూసింది, లాండ్రీలో దుప్పటికి మరకలున్నాయేమో చూసినట్టు. "బూజు లేదు, గీతల్లేవు" అంది తృప్తిగా.

"ఇంతవరకు తీసినవి ఒకసారి చూపించండమ్మా. ఈ లాగుడు సరిపోతుందో లేదో చెప్పేస్తాను."

"అబ్బే, అవేం బాగోవండీ" అంటూ అమ్మ కెమెరా మీదికి చెయ్యి చాచింది. ఈలోగా అతను మీట నొక్కేశాడు.

తెరకి ఓ పక్కన ఆరేసిన తెల్ల దుప్పటి అంచు. దాని అవతల రోడ్డు, గోడ, ఆకుపచ్చటి మైదానం, అందులో చుక్కలు. అతను బొమ్మని పెద్దది చేశాడు, ఇంకా పెద్దది చేశాడు. రెండు తెల్ల కర్రల మధ్య పసుపు రంగు మచ్చ ఒకటి తేలింది.

"ఇందులో పిట్ట ఎక్కడుందమ్మా?"

అతను తరవాతది చూశాడు, ఆ తరవాతది చూశాడు. అన్నీ అవే. దుప్పటి, రోడ్డు, పసుపు మచ్చ. ఒకదాంట్లో ఆ మచ్చ నేల మీద పడి ఉంది, చుట్టూ మిగతా చుక్కలు మూగి ఉన్నాయి. కూతురు ఆ రోజుని గుర్తుపట్టింది. మోకాలు చెక్కుకుపోతే ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం మంచం పక్కన మందు, దూది ఎవరు పెట్టారో అప్పుడు ఆలోచించనైనా లేదు. ఆమె పసుపు జెర్సీ ఇప్పుడు భుజాన వేలాడుతున్న సంచిలోనే ఉంది. చెవులు వేడెక్కిపోయాయి. ఈసారి సిగ్గు అమ్మని చూసి కాదు.

"బయటికి రా" అంది అమ్మతో.

కొట్టు మెట్ల మీద నిలబడ్డారు. సిగ్గుపడ్డ మనిషికి ముందొచ్చేది కోపమే కదా, ఆమెకీ అదే వచ్చింది. "ఏంటమ్మా ఇది? దొంగచాటుగా ఫోటోలేంటి? ఎవరైనా చూస్తే నా గురించి ఏమనుకుంటారు?"

"నువ్వు రావద్దన్నావు. నేను రాలేదుగా" అంది అమ్మ. "డ్యూటీ నిజంగానే వేయించుకున్నాను. శనివారం ఆసుపత్రి డాబా మీద దుప్పట్లు ఆరేసే పని ఎవరూ తీసుకోరు, ఎండ. నేనడిగి తీసుకున్నా. అక్కణ్ణించి మీ గ్రౌండు కనపడుతుంది."

"నాన్నకి తెలుసా?"

"తెలుసు."

"నాతో చెప్పొచ్చుగా! మళ్లీ వస్తానని ఒక్కమాట అడగొచ్చుగా!"

"అడిగితే సరేననేదానివి, మొహమాటానికి. వచ్చాక నా నోరు ఊరుకోదు కదే." అమ్మ గొంతు అంత చిన్నగా ఉండగలదని కూతురికి తెలియదు. "అక్కడైతే బాగుంది. దుప్పట్ల మధ్య నిలబడి ఎంత అరిచినా నీకు వినపడదు."

కూతురు మెట్టు మీద కూలబడింది. నువ్వు బంతి పట్టినప్పుడల్లా ఎండలో ఒక మనిషి ఒంటరిగా తడి దుప్పట్ల మధ్య గొంతు చించుకుంది, నీ పేరు పెట్టి, నీకు వినపడనంత దూరం చూసుకుని మరీ. ఇది తెలిశాక ఏ ముఖం పెట్టుకుని చూడాలి? క్షమించమని అడుగుదామనుకుంది. మాటకి బదులు ఏడుపు వచ్చేసింది, రోడ్డు మీద అందరూ చూస్తుండగా, వెక్కి వెక్కి.

"ఛ, ఊరుకో. అందరూ చూస్తున్నారు" అంది అమ్మ కంగారుగా, పక్కన కూర్చుని కొంగుతో ఆమె ముఖం తుడుస్తూ. "నీకు తలవంపులు."

"చూడనీ!" అంది కూతురు. కాసేపటికి ముక్కు ఎగబీల్చి, "ఆ లెన్స్ నీకక్కర్లేదమ్మా. వచ్చే శనివారం గోలు వెనక్కొచ్చి నిలబడు. ఉన్నదే సరిపోతుంది" అంది.

అమ్మ లేచి చీర దులుపుకుంది. "సగం ఆట అయ్యాక నువ్వు అవతలి గోలుకి మారవూ? అప్పుడేం చెయ్యను? కొనేద్దాం."

శనివారం అమ్మ డ్యూటీ ఎవరికో అప్పజెప్పి వచ్చింది. గోలు వెనక, పెదాలు రెండూ బిగపట్టి, కెమెరాని కంటికి అదిమిపెట్టుకుని నిలబడింది. మొదటి బంతిని కూతురు గాల్లోకి లేచి పట్టేసింది. వెనక నుంచి చప్పుడు లేదు. రెండోది వేళ్ల చివర్లతో బయటికి నెట్టేసింది. అప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దం తన చేత్తో చేసిందే. భరించడం ఆమె వల్ల కాలేదు. ఆట మధ్యలో వెనక్కి తిరిగి, జట్టంతా వినేలా అరిచింది.

"అమ్మా! గొంతేమైంది నీకు?"

కెమెరా ఒకసారి టక్కుమంది. ఆ తరవాత అమ్మ నోరు తెరిచింది. "బంగారుకొండా! ముందు అటు చూడవే, బంతొస్తోంది!" గ్రౌండంతా గొల్లుమంది. కూతురి చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి. పడితే పడనీ అనుకుంది.

ఇంటికొచ్చాక ముగ్గురూ ఆ చిన్న తెర మీదికి వంగారు. ఒక్క ఫోటో కూడా కుదురుగా లేదు. అరుస్తూ ఎగిరే మనిషి చేతిలో ఉంటే వణుకు సర్దే లెన్స్ మాత్రం ఏం సర్దుతుంది? ఒక్కటి మాత్రం కుదిరింది. అందులో కూతురు వెనక్కి తిరిగి ఉంది. కనుబొమ్మల మీది చెమట చుక్కతో సహా తేటగా, అతి దగ్గరగా. చేసిన తప్పు ఒప్పుకోవడానికి వచ్చి, గుమ్మం దగ్గర ఆగిపోయిన పిల్ల ముఖం అది. నోటితో చెప్పలేకపోయిన మాట అందులో కనపడుతూనే ఉంది. కూతురు తల దించుకుంది.

"ఇది ఫ్రేము కట్టిస్తా" అంది అమ్మ, పక్కింటికి వినపడేంత గట్టిగా.

నాన్న కళ్లజోడు సవరించుకుని చూశాడు. "ఇందులో బంతే లేదు కదే?"

"బంతెవరిక్కావాలి?" అంది అమ్మ.