రెండు కెమెరాలు, ఒక చెరువు

బయట వాన పట్టుకుంది. ఒకమ్మాయి గంట నుంచి కెమెరా షాపులో రెండు బ్రిడ్జ్ కెమెరాలు మార్చి మార్చి పట్టుకుని, ఎదుటి మేడ మీద తడుస్తున్న పావురాలను చూస్తోంది. రక్తపరీక్షల ల్యాబ్‌లో పని, పక్షులంటే పిచ్చి అని సేల్స్‌మన్‌కి అప్పటికే చెప్పింది.

లెన్స్ మార్చే పని లేకుండా దూరాన ఉన్న పిట్టను దగ్గరకు లాక్కొచ్చే కెమెరాలవి. ఒకదానికి జూమ్ బాగా ఎక్కువ, కానీ బరువు. చెయ్యి కాస్త కదిలినా పిట్ట ఫ్రేములోంచి జారిపోతుంది. రెండోదానికి జూమ్ తక్కువైనా ఫోకస్ చటుక్కున పడుతుంది, మబ్బులోనూ బొమ్మ తేటగా వస్తుంది. సేల్స్‌మన్ రెండోదే మంచిదన్నాడు. ఆమె మొదటిదానికే పట్టుబట్టింది.

"అంత జూమ్ ఎందుకండీ? ఈకలు లెక్కపెడతారా?" అన్నాడు నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. "లెక్కపెట్టాలనే ఉంది. నాకు కళ్లు పోతున్నాయి," అంది.

రేచీకటితో మొదలైందట. ఇప్పుడు చూపు అన్ని పక్కల నుంచీ కుంచించుకుపోతోంది. మూడు నాలుగేళ్లు ఉంటే గొప్పే అన్నాడట డాక్టరు. మైక్రోస్కోప్ పని వచ్చే నెలతో సరి.

అతనికి మొహం చెల్లలేదు. డెమో కెమెరాలు రెండూ తెస్తానని, ఆదివారం ఊరి చివర చెరువు దగ్గర చూసి తేల్చుకోమన్నాడు.

ఆదివారం కూడా మబ్బే. బరువు కెమెరాలో లకుముకి పిట్ట మూడుసార్లు తప్పిపోయింది. రెండోదానిలో నిలిచింది. ఆమె బటన్ నొక్కడం మరిచిపోయి అలా చూస్తూ ఉండిపోయింది. అదే కొనుక్కుంది.

తర్వాత ప్రతి ఆదివారం అతను ఏదో వంక పెట్టుకుని చెరువు గట్టుకి వచ్చేవాడు. రెండు నెలలు చూసి ఆమె ఒకరోజు చెప్పేసింది.

"మీరెందుకొస్తున్నారో నాకు తెలుసు. కొన్నాళ్లకి మీ మొహం కూడా నాకు కనిపించదు. ఇక రాకండి."

అతను బతిమాలలేదు, ఓదార్చలేదు. 

"అప్పుడు ఏ పిట్ట వచ్చిందో నేనే కదా మీకు చెప్పాలి," అన్నాడు. "నాకేమో కాకి, పిచ్చుక తప్ప తెలీవు. ఇప్పట్నుంచీ నేర్పితే గానీ అప్పటికి రావు."

చినుకులు మొదలయ్యాయి. ఆమె కళ్లు తుడుచుకుని, కెమెరా అతని చేతిలో పెట్టి, భుజం పట్టుకుని రెల్లు వైపు తిప్పింది. అక్కడున్నది ఏమిటని అడిగింది.

"కొంగ," అన్నాడతను.

"కాదు. సరిగ్గా చూడు," అంది.

అతన్ని 'నువ్వు' అనడం అదే మొదలు.