ముప్ఫై ఒకటో ఫ్రేము

"దీనికి చెవుడొచ్చినట్టుంది. నేను నొక్కిన ఎంతసేపటికో గాని దూకుతలేదు."

అంటూ ఒకబ్బాయి అరచేతిలో పట్టేంత గేమ్ మిషన్‌ని కౌంటర్ మీద పెట్టాడు. ఇంద్రాణి తలెత్తలేదు. ఆమె చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉంది, దాని కింద ఎవరిదో ఫోను ప్రాణం పోసుకుంటోంది. బచేలి బజార్లో బుధ్రాం మొబైల్ షాపుకి వచ్చేవాళ్లందరూ తమ వస్తువుకి ఏ జబ్బో తామే తేల్చుకుని వస్తారు. ఆ జబ్బు తొంభై పాళ్లు ఉండదు.

"చెవుడేటండీ? దానికి చెవులుంటే కదా!"

"ఏటండీ ఏంది? శ్రీకాకుళమా?"

"మా నాన్నది. నేను పుట్టింది ఇక్కడే, ఇనుపగనుల కంపెనీ క్వార్టర్స్‌లో. మీరు ఏంది అంటున్నారంటే కొంటా ఊరివాళ్లా, భోపాల్‌పట్నం వాళ్లా?"

"కొంటా. దేవేంద్ర నా పేరు. మిషన్ చూడుర్రి, ఊరు తర్వాత చూడొచ్చు."

అప్పుడు తలెత్తింది. బయట జోరున వాన. గనుల కొండ మీద పడ్డ వాన బజారు దాకా వచ్చేసరికి ఎర్రగా తిరుగుతుంది. ఆ ఎరుపంతా అతని ప్యాంటు అంచులకి పట్టింది. తడిసిన జుట్టు కళ్లమీద పడుతుంటే ఎడమచేత్తో తోసుకుంటున్నాడు. కుడిచెయ్యి మాత్రం జేబులోంచి బయటికి రావడంలేదు.

మిషన్ ఆన్ చేసింది. లోపల గొడుగు పట్టుకున్న కోతి ఒకటి నది మీద విరిగిన వంతెనలు దాటుతోంది. వీళ్ల చిన్నప్పుడు క్యాసెట్టు పెట్టి టీవీకి తగిలించి ఆడుకున్న గేమ్. ఇప్పుడా పాత మిషన్లు ఎక్కడా లేవు. ఎమ్యులేటర్ అనే సాఫ్ట్‌వేరు కొత్త మిషన్ చేత పాత మిషన్‌లా వేషం వేయిస్తుంది. ఆ వేషంలో కొంచెం తడబాటు ఉంటుంది.

ఇంద్రాణి తన ఫోన్లో స్లో మోషన్ వీడియో పెట్టి, బటన్‌నీ తెరనీ కలిపి తీసింది. ఒక్కో ఫ్రేమూ జరుపుతూ లెక్కపెట్టింది.

"మీరన్నది నిజమే. నొక్కిన పదకొండు ఫ్రేములకి దూకుతోంది. సెకనుకి అరవై ఫ్రేములు కదా, అందులో పదకొండంటే ఎక్కువే. వారం రోజులివ్వండి."

"జబ్బు కరెక్టుగనే చెప్పిన గదా!" అని అతను నవ్వాడు. ఇంద్రాణికి ఆ నవ్వు కోసమైనా ఆ మిషన్ బాగుచెయ్యాలనిపించింది. అక్కడే చిక్కుకుంది పిల్ల.

వారం అన్నది పదిహేను రోజులైంది. దేవేంద్ర రోజూ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ అయిపోగానే షాపుకొచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. అతను ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాడు. సుక్మా దాటాక వానలో బైకు జారి భుజం నేలకి కొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ మాట వినడం మానేశాయి. బచేలిలో అక్క ఊర్మిల ఉంది కాబట్టి వైద్యానికి ఇక్కడికొచ్చాడు.

"ఆరు నెలల్ల ఎప్పటిలెక్క అయితదన్నడు డాక్టరు. ఇంకో నెలుంది. గేమ్ ఆడితే వేళ్లకి కసరత్తు. కాని మిషనే లేటైతే నేనేం జెయ్య?"

"ఏదొచ్చినా మిషన్ మీద తోసీడమే!"

"మరి ఎవరి మీద తొయ్యాలె? నీ మీదనా?"

ఒకరోజు అతను తెరవైపు చూస్తూనే అన్నాడు. "ఈ మూడో వంతెన ఒక్కసారి దాటనీ ఇంద్రాణీ. దాటినంక నీకొక ముచ్చట చెప్పాలె."

"ఇప్పుడే చెప్పొచ్చు కదా?"

"చెయ్యి లేనోడు చెప్పే ముచ్చట కాదు."

ఇంద్రాణి స్క్రూడ్రైవర్ కోసం వెతుకుతున్నట్టు కౌంటర్ కిందికి వంగింది. స్క్రూడ్రైవర్ ఆమె చేతిలోనే ఉంది.

ఆ మర్నాటినుంచి మిషన్ వెంట పడింది. శబ్దం కోసం ముందుగా దాచుకునే మెమరీని తగ్గించింది. ఎమ్యులేటర్లు రెండు మార్చింది. బొమ్మని ఒక ఫ్రేము ముందే సిద్ధం చేసే సెట్టింగు పెట్టింది. పదకొండు ఏడైంది, ఏడు ఐదైంది, చివరికి మూడైంది. అసలు పాత మిషన్ కూడా అంతకంటే చురుగ్గా ఉండేది కాదు.

మూడో వంతెన దగ్గర కోతి నిలబడ్డ పలక వణుకుతుంది. వణికాక అర సెకను లోపల దూకాలి. ముందే దూకితే అవతలి పలక ఇంకా అందదు. ఆలస్యమైతే కాళ్లకింది పలక ఊడిపోతుంది. ఇంద్రాణి మొదటిసారికే దాటేసింది.

దేవేంద్ర పదకొండుసార్లు పడ్డాడు.

"ఇంకా లేటే ఉంది," అన్నాడు మిషన్ని తిప్పి చూస్తూ.

ఈసారి ఆమె వీడియో అతని భుజం మీదుగా తీసింది. అతను వెళ్లాక లెక్కపెట్టింది. పలక వణికిన దగ్గర్నుంచి వేలు బటన్‌ని నొక్కేదాకా ఆమెకి పట్టింది పద్నాలుగు ఫ్రేములు. అతనికి ముప్ఫై ఒకటి. ఇరవై ఏడో ఫ్రేములోపు నొక్కకపోతే పలక ఊడిపోతుంది. మళ్లీ లెక్కపెట్టింది. ముప్ఫై ఒకటి. రెండు వారాల కిందట అతను ఆడుతుంటే తీసిన వీడియో కూడా చూసింది. అందులోనూ ముప్ఫై ఒకటే.

లేటు మిషన్‌ది కాదు. రోజూ ఆసుపత్రిలో కరెంటు పెట్టి, బంతి పిసికించి, ఇంత చేసినా ఆ చెయ్యి రెండు వారాల్లో ఒక్క ఫ్రేము కూడా ముందుకి రాలేదు.

బోర్డు పోయిందంటే పోయిందని మొహం మీదే చెప్పే మనిషి ఇంద్రాణి. "నీ నిజాలతో గిరాకీ పారిపోతది బేటీ," అని షాపు ఓనరు బుధ్రాం దాదా ఎన్నిసార్లు మొత్తుకున్నా మారలేదు. అలాంటి మనిషి ఆ రోజు వీడియో మూసేసి ఫోను బోర్లా పెట్టింది. దేవేంద్రకి ఈ మాట చెప్పడం మాత్రం తన వల్ల కాదనుకుంది. అతన్ని ప్రేమిస్తున్నానని ఆమెకి తెలిసింది అప్పుడే. తెలియడానికి అంతకంటే దిక్కుమాలిన సమయం దొరకలేదు.

అందుకే జీవితంలో మొదటిసారి గిరాకీకి అబద్ధం చెప్పింది. పలక కొంచెం ఆలస్యంగా ఊడేలా, అరవై ఫ్రేముల వేగాన్ని యాభై ఎనిమిది చేసి, "చిన్న బగ్గుంది, తీసీసేను," అంది.

అతను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆడాడు. ఒక్క క్షణం ఆగి ఆమెవైపు చూశాడు. మళ్లీ ఆడాడు.

"కొంచెం నయం," అన్నాడు.

వారం తర్వాత యాభై ఐదు చేసింది. కోతి వేళ్లు అవతలి పలకకి తగిలి జారాయి. ఆ రోజు ఇంద్రాణి ఇంటికి పాట పాడుకుంటూ వెళ్లింది. ఇంకో వారానికి యాభై రెండు చేసింది.

కోతి దాటింది.

గొడుగు ఊపుతూ గెంతులేస్తోంది. ఇంద్రాణి చేతిలో పని పక్కన పెట్టి నిలబడింది. ఆ ముచ్చట ఎలా మొదలవుతుందో, తను ఎటు చూడాలో, అన్నీ ముందే అనుకుని ఉంది. దేవేంద్ర మెల్లగా ఇయర్‌ఫోన్లు తీశాడు.

"పాట దిగింది ఇంద్రాణీ."

"ఏటి?"

"ఈ గేమ్ పాట. నేను కీబోర్డు మీద పట్టుకున్న మొట్టమొదటి పాట ఇదే. ఇప్పుడు రెండు మెట్లకు పైననే దిగింది. బగ్గు తీసిన అన్నవ్ చూడు, ఆ రోజు అర మెట్టు దిగింది."

వేగం తగ్గిస్తే శబ్దం కూడా కిందికి దిగుతుంది. ఇంద్రాణికి ఆ సంగతి తెలుసు. వినేవాడి చెవి సంగతే మర్చిపోయింది.

"ఆ రోజే తెలిస్తే ఎందుకూరుకున్నావు?"

"నీ మొఖం ఎంత వెలిగిపోయిందో నీకేం తెలుసు? నేను కూడా ఒక నాలుగు రోజులు నమ్ముదామనుకున్న." అతను లేచాడు. "అక్క బాగైతదంటది. బావ బాగైతదంటడు. డాక్టరు నవ్వుకుంటనే చెప్తడు. నువ్వొక్కదానివి ఉన్నది ఉన్నట్టు చెప్తవనుకున్న. నువ్వు గూడ అంతేనా?"

మిషన్ జేబులో వేసుకుని వానలోకి వెళ్లిపోయాడు.

పదకొండు రోజులు రాలేదు. ఇంద్రాణి అతుకు పెట్టిన ఫోన్లు రెండు తిరిగొచ్చాయి. బుధ్రాం దాదా తిట్టకుండా వాటిని తనే మళ్లీ విప్పాడు, దాంతో ఆమెకి ఇంకా ఏడుపొచ్చింది.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఊర్మిల వచ్చింది, చేతిలో ఆ మిషన్‌తో.

"జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి తోల్కపోయినం చెల్లె. నరానికి పరీక్ష చేసిండ్రు. చెయ్యి వచ్చినకాడికే వచ్చిందట, ఇగ రాదంట." పైటతో ముక్కు తుడుచుకుంది. "తమ్ముడు సరిగ తింటలేడు, పలుకుతలేడు. రేపు పొద్దుగాల బస్సుకి కొంటా పోతా అంటాండు. కీబోర్డు ఆర్కెస్ట్రా వాళ్లకిచ్చేస్తడంట. ఇది నీకిచ్చిరమ్మన్నడు."

ఆమె వెళ్లాక ఇంద్రాణి మిషన్ ఆన్ చేసింది. వేగం అరవై ఉంది. సెట్టింగు వెతుక్కుని తనే మార్చుకుని, ఆట మొదటినుంచి మొదలుపెట్టాడు. తెర మూలన గేమ్ వేసుకునే లెక్క ఒకటుంటుంది, పడ్డప్పుడల్లా విరిగే గొడుగులు ఎన్నని. నాలుగు వందల పద్దెనిమిది. మూడో వంతెన మాత్రం దాటలేదు.

నాలుగు వందల పద్దెనిమిది సార్లు ఒక్కడే కూర్చుని పడ్డాడు. ఇంద్రాణి కౌంటర్ మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆ పూట వచ్చిన గిరాకీలతో బుధ్రాం దాదాయే మాట్లాడుకున్నాడు.

ఏడుపు అయ్యాక ఒక పని చేసింది. ఎమ్యులేటర్లో తన చేతికి కూడా జబ్బు పెట్టింది. బటన్ నొక్కిన పదిహేడు ఫ్రేములకి గానీ కోతికి కబురు అందకుండా చేసింది. ఆమె పద్నాలుగు, ఆ పదిహేడు, కలిపితే ముప్ఫై ఒకటి. దేవేంద్ర చెయ్యి.

ఆడింది. పడింది. మళ్లీ ఆడింది. కోతి మాట వినకపోవడం కాదు, వింటుంది, అంతా అయిపోయాక వింటుంది. ఇరవై సార్లకి ఒళ్లు మండింది. నలభై సార్లకి మిషన్ని గోడకేసి కొట్టాలనిపించింది. అరవై సార్లకి, ఇంత సులువైన పని ఇక ఎప్పటికీ చెయ్యలేనేమో అనిపించింది. అతను ఆరు నెలలుగా ఉన్నది ఇక్కడేనని అప్పుడు అర్థమైంది.

ఎవరో ఛార్జర్ కావాలంటే తలెత్తి, "ఏ మోడలండీ?" అంది. వేలు దాని మానాన అది నొక్కింది.

తెరమీద కోతి గొడుగు ఊపుతోంది.

ఇంద్రాణి ఆ మనిషికి ఛార్జర్ ఇవ్వడం మర్చిపోయింది. తను చూడలేదు. మరి వేలికి ఎలా తెలిసింది? మళ్లీ ఆడి, పడి, చెవిపెట్టి విన్నది. కోతి పడిన ప్రతిసారీ పాట మొదటికొస్తుంది. కాబట్టి పలక ఎప్పుడూ పాటలో ఒకేచోట వణుకుతుంది. దానికి ముందు డప్పు రెండు దెబ్బలు పడతాయి. కళ్లతో చూసి నొక్కితే ఆలస్యం. రెండో దెబ్బకే నొక్కేస్తే సరిపోతుంది. పాట రాని తనే పదిసార్లలో మూడుసార్లు దాటింది.

మిషన్‌లో తన కోసం పెట్టిన జబ్బు తీసేసి, గొడుగుల లెక్కని అతను వదిలిన నాలుగు వందల పద్దెనిమిదికే తెచ్చి, దాన్ని చున్నీలో చుట్టుకుని వానలో పరుగెత్తింది.

ఊర్మిల తలుపు తీసింది. దేవేంద్ర కింద కూర్చుని కీబోర్డు సంచి జిప్పు ఎడమచేత్తో లాగుతున్నాడు. గడ్డం పెరిగింది. ఇంద్రాణి గుమ్మంలోంచే చెప్పేసింది.

"మిషన్‌లో తప్పులేదు. నీ చెయ్యి లేటు. పదిహేడు ఫ్రేములు లేటు. నెల్లాళ్ల కిందటే లెక్కపెట్టీసేను. చెప్పడానికి నోరు రాలేదు. తప్పు నాది."

అతను జిప్పు వదిలేశాడు. "ఇప్పటికన్న చెప్పినవ్. సంతోషం."

"కూర్చో. అంటే, కూర్చునే ఉన్నావు కదా. ఇది పట్టుకో. కళ్లు మూసుకో."

"ఏంది ఇంద్రాణీ ఇది?"

"పలక కోసం చూడకు. పాట విను. పలక ఎక్కడ వణుకుతుందో పాటకి ముందే తెలుసు. డప్పు రెండో దెబ్బ దగ్గర నొక్కు."

అతను మిషన్ అందుకోలేదు. "దీంతోని నా కీబోర్డు తిరిగొస్తదా?"

అవునంటే ఆ మొహం ఒక్కసారి వెలుగుతుంది. ఆమెకి తెలుసు.

"రాదు," అంది. "ఆర్కెస్ట్రా స్పీడు నీ చేతికి మళ్లీ రాదు. ఇంకెప్పుడూ నీతో అబద్ధం ఆడను. వంతెన ఒక్కటే."

తలుపు దగ్గర ఊర్మిల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దేవేంద్ర మిషన్ తీసుకుని కళ్లు మూసుకున్నాడు. పడ్డాడు. పడ్డాడు. తెర మూలన లెక్క పెరుగుతూ పోయింది. ఇంద్రాణి తడి ఎర్రమట్టి కాళ్లతో పక్కనే చతికిలబడి, ఇంత చిన్నదానికి అడగకూడని దేవుళ్లందరినీ అడిగింది. నాలుగు వందల ఇరవై తొమ్మిదో గొడుగు తర్వాత అతని తల పాటకి కొద్దిగా ఊగింది. డప్పు పడింది. బొటనవేలు ఎప్పటిలాగే ఆలస్యంగానే దిగింది, కాకపోతే ఈసారి అతను ముందే బయల్దేరాడు.

"కళ్లు తెరు," అంది.

అవతలి గట్టున కోతి గెంతుతోంది. పాట అసలు శ్రుతిలోనే ఉంది. అతనికి అది చెవులతోనే తెలిసి ఉండాలి, మూసిన కళ్లలోంచే నీళ్లు కారుతున్నాయి. కీబోర్డు సంచిలోనే ఉంది. ఆ దుఃఖం ఎక్కడికీ పోలేదు, పక్కనే కూర్చుంది. అయినా అతను ఆ మొరాయించే చెయ్యిని ఆట అయ్యాక మొదటిసారి జేబులో దాచుకోకుండా, ఆమె చేతి మీద పెట్టాడు. వేళ్లు ముడుచుకోవడానికి చాలాసేపు పట్టింది. ఇంద్రాణి లెక్కపెట్టలేదు.

"ఇంద్రాణీ..."

"సరే."

"నేనింకా అడగనే లేదు గదా?"

"నువ్వు లేటు కదా," అంది ఆమె, ఏడుస్తూ నవ్వుతూ. "అందుకే నేను ముందే చెప్పీసేను."