నలభై వరసలు

ఆ అబ్బాయిని యూనివర్సిటీలో అందరూ ‘ఆరంభం’ అని పిలుస్తారు. పూర్తి బిరుదు ఆరంభశూరుడు. పిలిచేవాళ్లు నోరు తిరగక సగంలో ఆపేశారు. పాపం, చివరికి బిరుదు కూడా పూర్తి కాలేదు.

చదివేది ఎం.ఏ. చరిత్ర. అతని సొంత చరిత్రలో మాత్రం అన్నీ మొదటి అధ్యాయాలే. గిటారు కొన్నాడు, వేలు నొప్పి పుట్టగానే రాగం మారింది. టెలిస్కోపు కొన్నాడు, మబ్బు పట్టగానే నక్షత్రాల మీద మోజు వదిలింది. బొమ్మలు గీస్తానన్నాడు, గీత దాటలేదు. ఇవన్నీ అతను అక్కతో కలిసి ఉండే రెండు గదుల అద్దె ఇంట్లో, వాషింగ్ మెషీన్ పైనున్న అరలోకి ఒక్కొక్కటిగా చేరాయి. ఆ అరకి అక్క ‘మ్యూజియం’ అని పేరు పెట్టింది.

“ఒరేయ్, చరిత్ర చదివేవాడింట్లో మ్యూజియం ఉండటం ముచ్చటే. కానీ అర నిండిపోయింది. ఇంకొకటి తెచ్చావంటే, నిన్ను కూడా దాని పక్కనే పెట్టి టిక్కెట్టు పెడతా.”

అక్క అతనికన్నా ఎనిమిదేళ్లు పెద్దది, పశువుల డాక్టరు. పొద్దున ఏడుకల్లా క్లినిక్‌కి వెళ్లిపోతుంది. తమ్ముడు ఎనిమిదైతేగానీ కళ్లు తెరవడు. అందుకని పొద్దుటి కబుర్లన్నీ ఫ్రిజ్ తలుపు మీద చీటీలతోనే నడుస్తాయి. ‘పాలు తే’ అని అక్క రాస్తే ‘సాయంత్రం తెస్తాలే’ అని తమ్ముడు రాస్తాడు.

ఆ వానాకాలంలో అతనికి చదరంగం మీద మనసు పుట్టింది. క్లబ్బులన్నీ మూడో అంతస్తులో ఉంటాయి. తలుపు తోశాడు. లోపల ఏడుగురు చేతుల్లో జంట సూదులతో తలలు వంచుకుని ఉన్నారు.

“ఇది చెస్ క్లబ్బు కాదా అండీ?”

“కాదు, నిట్టింగ్,” అని ఎవరో తల ఎత్తకుండానే అన్నారు.

“సారీ,” అని వెనుదిరిగి, మెట్లు దిగి, క్యాంటీన్‌లో టీ చెప్పి కూర్చున్నాడు. టీ వచ్చింది. టీ వెనకే ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో నీలం ఉన్ని ఉండ. స్తంభాల చుట్టూ తిరిగి, ఇద్దరు లెక్చరర్ల కాళ్ల మధ్యనుంచి సాగిన దారాన్ని చుట్టుకుంటూ, ఆ దారమే దారి చూపిస్తుంటే, సరిగ్గా అతని కుర్చీ దగ్గర ఆగింది.

“మీ బ్యాగు ఇటు తిప్పండి.”

“ఎందుకండీ?”

“నా శాలువా అందులో ఉంది.”

బ్యాగు జిప్పుకి ఉన్ని కొస పట్టుకుని ఉంది. “ఇది దారం కదండీ,” అన్నాడు.

“ఇప్పుడు దారం. పది నిమిషాల క్రితం శాలువా. మంచినీళ్లు తాగొచ్చేసరికి సూదులు నేలమీద ఉన్నాయి, శాలువా మెట్లు దిగి వెళ్లిపోతోంది. నలభై వరసలు విప్పేశారు మీరు.”

“నేను వెనక్కి చూడలేదండీ.”

“తెలుస్తోంది.”

“ఇప్పుడు దీన్ని ఎలా తీర్చమంటారు?”

“తీర్చక్కర్లేదు, నేర్చుకోండి. రేపు నాలుగింటికి పైకి రండి. నలభై వరసలంటే ఎంత పనో మీ వేళ్లకి తెలియాలి.”

ఆమె ఎమ్మెస్సీ లెక్కలు చదువుతోంది. ఆ క్లబ్బు నడిపేది తనే. ఒకసారి మాట బిగించిందంటే ఎవరూ విప్పలేరని క్లబ్బువాళ్లు ‘పీటముడి’ అని పేరు పెట్టారు. చదరంగంలో ఒక్క ఎత్తయినా వేయకుండానే మన రాజుగారు పడిపోయారు. మర్నాడు నాలుగుకి అయిదు నిమిషాల ముందే మూడో అంతస్తులో హాజరు.

మొదటి వారం అతను అల్లింది అల్లికా, అల్లరా అని ఎవరూ తేల్చలేకపోయారు. ఒక కుట్టు గుమ్మమంత, ఇంకో కుట్టు కిటికీ అంత. రెండో వారానికి వేళ్లు కాస్త దారికొచ్చాయి. కిటికీ అవతల వాన, కిటికీ ఇవతల ఆమె. ఏది చూడాలో తెలియక, వానను చూస్తున్నట్టు నటిస్తూ రెండోదాన్నే చూసేవాడు.

“సూదిని చూడు,” అనేది ఆమె తల ఎత్తకుండా. మీరు కాస్తా నువ్వు అయిపోయింది అప్పటికి.

“చూస్తూనే ఉన్నా.”

“సూది ఇటు లేదు.”

ఒకరోజు అడగనే అడిగింది. “నీకిది ఎన్నో హాబీ?”

“లెక్కపెట్టలేదు.”

“తొమ్మిదోదని మీ క్లాసువాళ్లు లెక్కపెట్టారు. ఒక్కటైనా పూర్తి చేశావా?”

“టీ పూర్తి చేస్తాను. అదీ నువ్వు వచ్చిన రోజు చల్లారిపోయింది.”

ఆమె పెదవి చివర ఒక నవ్వు మొదలై సగంలో ఆగింది. జీవితంలో మొట్టమొదటిసారి అతనికి ఒకటి పూర్తిగా చూడాలనిపించింది.

“ఈ క్లబ్బులో ముప్పై మంది చేరారు,” అంది ఆమె. “ఏడుగురు మిగిలారు. మొదలుపెట్టేవాళ్లని చూసి సంతోషపడటం నేను మానేశాను. టర్ము చివర ఎగ్జిబిషన్ ఉంది. ఒక్క మఫ్లర్ పూర్తి చేసి టేబుల్ మీద పెట్టు. ఆ రోజు టీకి నేనే పిలుస్తాను. లేదంటే మెట్ల మీద కనబడినప్పుడు హలో అనుకుందాం, అంతే.”

“పెడితే ఒక్క టీయేనా?”

“ముందు మఫ్లర్ పెట్టు. బిస్కెట్ల సంగతి తర్వాత.”

ఇక చూడండి. మఫ్లర్ ఇంట్లో డైనింగ్ కుర్చీ మీద బుట్టలో ఉండేది. సాయంత్రం ఆరు వరసలు అల్లి పెడితే, మర్నాటికి పన్నెండు అల్లినట్టు కనిపించేది. లెక్కపెట్టే అలవాటు లేని మనిషి కదా, అనుమానం రాలేదు. గడ్డం పెరగడంలేదా, ఇదీ అంతే అనుకున్నాడు. ‘అక్కా, నా చెయ్యి తిరిగింది, చూశావా?’ అని ఫ్రిజ్ మీద చీటీ పెట్టాడు. ‘చూశా. భలే తిరిగింది. పాలు తే,’ అని జవాబు వచ్చింది.

ఎగ్జిబిషన్ నాలుగు రోజులుందనగా, మూరెడు తక్కువ మఫ్లర్‌ని గర్వంగా క్లబ్బుకి పట్టుకెళ్లాడు. పీటముడి దాన్ని వెలుతురులో పెట్టి చూసింది. వేలితో ఒక్కో వరసా తడిమింది. మొదలైన నవ్వు ఈసారి మొదట్లోనే ఆగింది.

“ఇది రెండు చేతుల పని.”

“రెండు చేతులతోనే కదా అల్లేది.”

“జోకులొద్దు. ఈ ఆరు వరసలు వదులు, ఇవి నీవి. పైన ఆరూ బిగువు, కొలిచినట్టున్నాయి. మళ్లీ వదులు, మళ్లీ బిగువు. చేతిరాతలాంటిదే ఇది, మనిషి మనిషికీ మారుతుంది. ఎవరామె?”

“ఆమె ఏమిటి? ఒట్టు, నేనే అల్లాను. ఇంట్లో ఉండేది నేనూ అక్కా. అక్కకి అల్లడం రాదు. కుట్లు వేస్తుంది, అవి కూడా కుక్కలకి.”

“నాకు పూర్తి కాని మఫ్లర్ అయినా ఫరవాలేదు,” అందామె మెల్లగా మడతపెట్టి ఇస్తూ. “పూర్తి కాని నిజం వద్దు. టేబుల్ మీద నీకు చోటు తీసేస్తున్నా.”

వానలో గొడుగున్నా తడుస్తూ ఇంటికి వచ్చాడు. మర్నాడు పొద్దున ఆరింటికి, అతని చరిత్రలో లిఖించదగ్గ ఘట్టం: తనంతట తానే లేచాడు. వంటగదిలో దీపం వెలుగుతోంది. అక్క క్లినిక్ కోటు వేసుకుని, టీ చల్లారుతున్నా పట్టించుకోకుండా, నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని అల్లుతోంది. ఒక్కో కుట్టూ ఆపరేషన్ చేసినంత శ్రద్ధగా వేస్తోంది.

“అక్కా.”

“అబ్బ, జడిపించావు కదరా. ఉండు, ఈ వరస అయిపోనీ.”

“కుట్లనుకున్నా, కుట్రా?”

“కుట్రా లేదు, పాడూ లేదు.” అక్క సూదులు దించింది. “నువ్వు అల్లుతుంటే చూసి పట్టేశా. మొదట ఒక్క వరసే అనుకున్నా. సగంలో తెరిచి ఉన్నదేదైనా చూస్తే మూసేయకుండా ఉండలేదు నా చెయ్యి. పైగా, ఈసారి నువ్వు నిజంగా కుదురుగా కూర్చున్నావు. ఇది కూడా మ్యూజియంకి పోతుందేమోనని భయం వేసింది. ఓ చెయ్యి వేస్తే గట్టెక్కుతావనుకున్నా.”

“ఆ చెయ్యే పట్టుకుంది ఆమె.”

జరిగిందంతా చెప్పాడు. అక్క మఫ్లర్‌ని అతని ముందుకి జరిపింది. “నేనొచ్చి చెప్తా ఆ అమ్మాయికి. తప్పు నాది. మఫ్లర్ కూడా మూరెడే ఉంది, పూర్తిచేసుకో.”

“నువ్వు చెప్తే నమ్ముతుంది. కానీ అప్పుడు కూడా నేను పూర్తి చేసింది ఏమీ ఉండదు కదక్కా.”

అతను సూది లాగేశాడు. కొస పట్టుకుని విప్పడం మొదలుపెట్టాడు. వదులు, బిగువు, వదులు, బిగువు, అన్నీ జర్రున పోయాయి. నెలన్నర శ్రమ రెండు నిమిషాల్లో పెద్ద ఉండ అయింది. ఇన్నాళ్లూ సగంలో ఆపడమే గానీ, చివరిదాకా వచ్చినదాన్ని మొదటికి తెచ్చుకోవడం అతనికదే మొదలు.

“మూడు రోజుల్లో మఫ్లర్ ఎలా అవుతుందిరా?”

“అవదు. నాకు కావలసినంత అయితే చాలు. నువ్వు మాత్రం ముట్టుకోవద్దు.”

“ముట్టుకోను. చేతికి గ్లౌజులు వేసుకుని తిరుగుతా,” అంది అక్క. వేసుకుంది కూడా.

మధ్యలో ఒక ఇంటర్నల్ పరీక్ష. బస్సులో అల్లాడు. అక్క క్లినిక్‌లో, ఒక పిల్లి ఉండ మీద కన్నేసి కూర్చుంటే, దానికి అందకుండా కుర్చీ మీద నిలబడి అల్లాడు. తప్పు వచ్చిన చోట విప్పి మళ్లీ అల్లాడు. మొదటిసారి లెక్కపెట్టాడు.

ఎగ్జిబిషన్ రోజు టేబుల్ మీద స్వెటర్లు, టోపీలు, ఒక పూర్తయిన నీలం శాలువా. అతనికి చోటు లేదు కాబట్టి టేబుల్ పక్కన చేతులు చాచి నిలబడ్డాడు. చేతుల్లో జానెడు ముక్క, అంచు శుభ్రంగా ముడివేసి ఉంది.

“ఏమిటిది?” అంది పీటముడి.

“చూడు. ఒకటే చెయ్యి.”

ఆమె తడిమింది. మొదటినుంచి చివరిదాకా ఒకేలా వంకరగా ఉంది. పెదవులు కదులుతూ లెక్కపెట్టింది. చివరి వరస దగ్గర వేలు ఆగింది.

“నలభై.”

“నీ నలభై. ఇంతకుమించి ఇంకొక్క వరస కూడా అల్లలేదు. ఇది ఇక్కడికి పూర్తి.”

ఆమె ఏదో అనేలోపు, క్లినిక్ కోటులో ఒకావిడ రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. చేతులకి గ్లౌజులు.

“అమ్మా, నువ్వేనా పీటముడివి? ఆ బిగువు వరసలు నావి. కావాలంటే ఇప్పుడే సూది ఇవ్వు, అల్లి చూపిస్తా. మావాడికి ఏ పాపం తెలీదు. తెలిసేంత తెలివి కూడా లేదు.”

“అక్కా,” అన్నాడు అతను.

పీటముడి ఆ గ్లౌజులు చూసింది, వంకర ముక్క చూసింది. సగంలో ఆగిన నవ్వులన్నీ వరసకట్టి ఒకేసారి బయటికి వచ్చాయి. ఈసారి చివరిదాకా నవ్వింది.

“డాక్టర్ గారూ, మీ చెయ్యి చాలా బాగుంది. మా క్లబ్బులో చేరండి. సొంత ఉన్ని తెచ్చుకోవాలి.”

“చేరతాను. కానీ ఒక్క మాట. నాకు తెలిసి వీడు మధ్యలో వదలనిది ఇదొక్కటే. నువ్వు కూడా వీణ్ణి మధ్యలో వదలకమ్మా.”

క్యాంటీన్‌లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. బయట వాన. గాజుగ్లాసుల్లో టీ పొగలు కక్కుతోంది. అతను పట్టుకోబోయి చురుక్కుమని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె ఆ జానెడు ముక్కను అతని గ్లాసు చుట్టూ చుట్టింది. సరిగ్గా సరిపోయింది.

“నీకో?” అన్నాడు.

“నాకు ఇంకో నలభై వరసలు కావాలి.”

“ఎప్పటికి?”

“తొందరేం లేదు. నేనెక్కడికీ వెళ్లడం లేదు.” ప్లేటు అతనివైపు జరిపింది. “తిను.”

ప్లేటులో బిస్కెట్లు ఉన్నాయి.